ఇస్త్రీ పెట్టెతో టోనర్ సగమే అంటుతున్నది, మూడు పీసీబీలు పోయినయ్

సూర్యాపేట_సర్క్యూట్
మా నాయిన బోరు మోటారుకు డ్రై రన్ కట్టర్ చేస్తున్న. పోయిన ఎండాకాలం బోర్ల నీళ్ళు తగ్గి మోటారు ఉత్తగ తిరిగి వైండింగ్ కాలిపోయింది. 300 అడుగుల పైపులు పైకి గుంజి, వైండింగ్ చేయించి, మళ్ళ దించేసరికి పంట మీద వచ్చిన పైసలు దానికే సరిపోయినయ్. నీళ్ళు తగ్గంగనే మోటారు దానంతట అదే ఆగాలె, అంతే నాకు కావాల్సింది. సర్క్యూట్ బ్రెడ్‌బోర్డు మీద మంచిగ నడుస్తున్నది. పీసీబీ, అంటే రాగి ట్రాకుల సర్క్యూట్ బోర్డు, దాని దగ్గర వచ్చి ఆగిపోయిన.

బోర్డు 10 సెంటీమీటర్లకు 7. గ్లాస్ ఎపాక్సీ, ఒక్కదిక్కే రాగి. జిరాక్స్ సెంటర్ల డిజైన్‌ను లేజర్ ప్రింట్ తీయించి, ఆ టోనర్ (ప్రింటర్ నల్లపొడి) రాగి మీదికి దిగెటట్టు ఇస్త్రీ పెట్టెతో రుద్దిన. మొదటిది నడుమ అంటింది, అంచులల్ల కాగితంతోనే లేచొచ్చింది. రెండోదానికి వేడి పెంచి 10 నిమిషాలు రుద్దిన, గీతలన్నీ వెడల్పై ఒకదాంట్ల ఒకటి కలిసిపోయినయ్. మూడోది చూస్తే మంచిగనే అంటింది గానీ, టోనర్ లేని రాగిని కరిగించే ఫెర్రిక్‌ల వేసినంక టోనర్ కిందికెల్లి రాగి తినేసి సన్న ట్రాకులు తెగినయ్. ఏడ తప్పు చేస్తున్ననో చెప్పుండ్రి.

కోఠి_కుర్రోడు
ఏ పేపర్ మీద తీయించినవ్? రాగి ఎట్ల కడిగినవ్? ఈ రెండు తెలువకుండ ఏం చెప్పినా గాలి మాటే.

సూర్యాపేట_సర్క్యూట్
ఫోటో స్టూడియోల అడిగి తెచ్చిన, ఫోటో పేపర్, 180 జీఎస్ఎం. రాగిని పెట్రోల్ బట్టతోని తుడిచిన. మంచిగ మెరుస్తుండె.

టంకం_తాత
మెరిసిందల్లా శుభ్రమనుకోకు నాయనా. పెట్రోలు ఆరిపోయాక దాంట్లో ఉన్న జిడ్డు పల్చటి పొరలా రాగి మీదే ఉండిపోతుంది. నీ మూడో బోర్డు పోయింది దాని వల్లే. టోనర్ అంటింది రాగిని కాదు, ఆ పొరని. ఫెర్రిక్ సందు చూసుకుని కిందకి దూరింది.

ముప్పై ఏళ్ళుగా నేను చేసే పద్ధతి చెబుతాను. రాగి చెంబు ఎలా తోముతాం? అలాగే. చింతపండు, కాస్త ఉప్పు వేసి రుద్దితే నల్లదనం పోయి లేత గులాబీ రంగు తేలుతుంది. తరువాత గిన్నెలు తోమే సబ్బు, పచ్చ స్క్రబ్బర్ పెట్టి ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా తోమాలి. ఆ సన్నటి గీతలే టోనర్‌కి పట్టు. ఇప్పుడు కుళాయి కింద కడిగి బోర్డుని ఏటవాలుగా పట్టుకుని వెలుతురులో చూడు. నీళ్ళు పల్చటి పొరలా బోర్డంతా పరుచుకుని నిలవాలి. ఎక్కడైనా తామరాకు మీద బొట్టులా ముడుచుకుందా, అక్కడ ఇంకా జిడ్డు ఉంది. రేపు టోనర్ లేచేది సరిగ్గా ఆ చుక్క దగ్గరే. మళ్ళీ తోము. నీళ్ళు ఎక్కడా విరగకుండా నిలిచేదాకా కాగితం జోలికి వెళ్ళకు.

ఆ తరువాత వేలు తగలకూడదు, అంచులు పట్టుకునే తిప్పాలి. వేలిముద్ర చాలు ఒక ట్రాకు పోవడానికి.

ఫేజు_పోయింది
ఇంత కష్టం దేనికి? బోర్డు డిజైన్ ఉన్న గెర్బర్ ఫైలు ఫ్యాక్టరీకి పంపిస్తే బోర్డు ఇంటికే వస్తుంది. రెండు పక్కలా రాగి, ట్రాకుల్ని కప్పే గ్రీన్ మాస్క్, అక్షరాలు కూడా అచ్చేసి. ఇస్త్రీ పెట్టెతో పీసీబీ ఏంటండీ ఈ రోజుల్లో?

కోఠి_కుర్రోడు
@ఫేజు_పోయింది అన్నా, వచ్చేదాక 10 రోజులు చూడాలె. వచ్చినంక ఒక్క రెసిస్టర్ జాగ తప్పైందనుకో, ఇంకో 10 రోజులు. నేను మొదటి రెండు బోర్డులు ఇంట్లనే చేసుకుంట, తప్పులన్నీ అక్కడనే తెలుస్తయ్. మూడోది ఫ్యాక్టరీకి పంపుత. రెండిటికీ పంచాయితీ లేదు.

ఫేజు_పోయింది
ఆ లెక్కన అయితే సరే. ఫైనల్ బోర్డు మాత్రం ఫ్యాక్టరీదే పెట్టాలంటాను. పొలంలో ఉండే వస్తువు కదా.

శ్రీకాకుళం_సిరి
టంకం తాతగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మా డిప్లొమా ల్యాబ్‌లో అందరం వేడి గురించే కొట్టుకునేవాళ్ళం, కడగడం గురించి ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఒక రోజు ఒకే ప్రింటు రెండు ముక్కలు చేసి, కడిగిన బోర్డు మీద ఒకటి, ఊరికే తుడిచినదాని మీద ఒకటి పెట్టి చూశాం. ఆ తరువాత వేడి గురించి గొడవ పడలేదు.

కానీ పేపర్ కూడా మార్చండి. 180 జీఎస్ఎం మందం ఎక్కువ. పైనుంచి వేడి కిందికి దిగేసరికి అంచులు చల్లారిపోతాయి, అందుకే మీకు నడుమ అంటి అంచులు లేచాయి. ఇంకో ప్రమాదం ఉంది. ఫోటో పేపర్లలో కొన్నిటికి పైన ప్లాస్టిక్ పూత ఉంటుంది. అవి ఇంక్‌జెట్‌కి చేసినవి. లేజర్ ప్రింటర్ లోపల టోనర్ కరిగించే రోలర్ ఉంటుంది కదా, ఆ పూత కరిగి దానికి చుట్టుకుంటే జిరాక్స్ షాపు ఆయన మళ్ళీ మిమ్మల్ని లోపలికి రానివ్వడు.

సూర్యాపేట_సర్క్యూట్
@శ్రీకాకుళం_సిరి అక్కా, మరి ఏ పేపర్ వాడాలె?

శ్రీకాకుళం_సిరి
నేను వాడేది పసుపు రంగు ట్రాన్స్‌ఫర్ పేపర్, ఆన్‌లైన్లో దొరుకుతుంది. బోర్డు చల్లారాక దానంతట అదే ఊడి వస్తుంది, నానబెట్టే పనే లేదు. అది లేకపోతే స్టిక్కర్ షీటు వెనకాల ఉండే నున్నటి కాగితం. స్టిక్కర్లు పీకేశాక పారేస్తాం చూడండి, అదే. మామూలు ఏ4 కాగితానికి ఆ ముక్కని నాలుగు పక్కలా అంటించి ప్రింట్ తీయించండి. టోనర్ దానిమీద గట్టిగా నిలవదు, తెచ్చేటప్పుడు చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. పెట్టెలో పెట్టి తెచ్చుకోవాలి.

రాళ్ళసీమ_రెసిస్టర్
మా ఊర్లో పసుపు పేపర్ యాడ దొరుకుతాది. నేను క్యాలెండర్ కాగితం వాడినా, ఎరువుల షాపోళ్ళు కొత్త సంవత్సరానికి ఇస్తారే, నున్నగా ఉండేది, అదే. ఎనకాల తెల్లగా ఉండే పక్క ప్రింట్ తీపిచ్చి ఇస్త్రీ చేసినా. 20 నిమిషాలు సబ్బు నీళ్ళల్లో నానబెట్టి బొటనవేలితో రుద్దితే కాగితం పిండి పిండిగా ఊడొచ్చింది. ట్రాకుల మధ్యలో తెల్లగా నార మిగుల్తాది, దాన్ని పాత టూత్ బ్రష్షుతో తియ్యల్ల. లేకుంటే ఆ నార కింద రాగి కరగదు.

కోఠి_కుర్రోడు
క్యాలెండర్ పేపర్ పని చేస్తది, నేను గూడ చేసిన. కానీ 0.5 మిల్లీమీటర్ కన్న సన్న ట్రాకు పెట్టకు దాంతోని.

డల్లాస్_డయోడ్
ఎవరూ ప్రింటర్ గురించి మాట్లాడలేదు. టోనర్ అంటే ప్లాస్టిక్ పొడి, కరిగితేనే అంటుకుంటుంది. అన్ని కంపెనీల టోనర్ ఒకే వేడికి కరగదు. నా దగ్గర ఇక్కడ ఉన్న ప్రింటర్ టోనర్ ఎంత ఇస్త్రీ చేసినా కదలలేదు, వేరే ప్రింటర్‌లో తీసిన అదే డిజైను 3 నిమిషాల్లో దిగింది. ఇండియా జిరాక్స్ షాపుల్లో 12ఏ కార్ట్రిడ్జ్ పడే ప్రింటర్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి, వాటితో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఒక్కొక్క షాపులో రీఫిల్ పొడి ఒక్కో రకంగా ఉంటుంది, రెండు మూడు షాపుల్లో తీయించి పోల్చుకో. టోనర్ సేవ్ ఆపేసి, డార్క్‌గా పెట్టమని అడుగు.

సూర్యాపేట_సర్క్యూట్
ఇస్త్రీ ఎంతసేపు చెయ్యాలె మరి? 5 నిమిషాలకు సగం అంటింది, 10 నిమిషాలకు కారిపోయింది.

టంకం_తాత
కారిపోయింది నిమిషాల వల్ల కాదు, నువ్వు రుద్దావు. బట్టలు ఇస్త్రీ చేసినట్టు ముందుకీ వెనక్కీ తోస్తే కరిగిన టోనర్ పక్కకి పాకుతుంది. పెట్టెని కదపకుండా అదిమి పట్టాలి. కాటన్ దగ్గర పెట్టు, ఆవిరి ఇస్త్రీ అయితే నీళ్ళు తీసెయ్. బోర్డు కింద చెక్క, దాని మీద మడిచిన పాత తువ్వాలు. ముందు 30 సెకన్లు కాగితం లేకుండా బోర్డునే వేడి చెయ్యి, అప్పుడు కాగితం పెడితే అక్కడికక్కడే అతుక్కుంటుంది, జరగదు. పైన ఒక మామూలు తెల్ల కాగితం పరిచి, ఒళ్ళంతా బరువు వేసి 2 నిమిషాలు నొక్కు. తరువాత పెట్టె మొనతో నాలుగు అంచులూ ఒక్కొక్కటిగా. లోపల ట్రాకులు కాగితం వెనకనుంచి ఉబ్బెత్తుగా నీడలా కనపడటం మొదలైందంటే దిగినట్టే. చల్లారేదాకా పీకకు, తొందరపడి ఒక మూల ఎత్తి చూడకు.

శ్రీకాకుళం_సిరి
ల్యామినేటర్ దొరికితే ఈ బాధ లేదు, ఒత్తిడీ వేడీ అంతటా సమానంగా పడతాయి. బోర్డుని 8, 10 సార్లు పంపాలి. కానీ చిన్న ల్యామినేటర్లో 1.6 మిల్లీమీటర్ల బోర్డు ఇరుక్కుంటుంది, 0.8 మందం బోర్డు కొనుక్కోండి.

రాళ్ళసీమ_రెసిస్టర్
ఇస్త్రీ పెట్టె బొగ్గులది అయితే ఇంకా మేలు. బరువు దానిదే, మనం నొక్కే పని లేదు. మా ఊరి ఇస్త్రీ ఆయనతో చేపిచ్చినా ఒకసారి. "ఏం చొక్కా నాయనా ఇది, ఇంత గట్టిగుండాది" అన్యాడు.

ఫేజు_పోయింది
అతని రేటు ఎంతండీ, చొక్కా రేటేనా 😄

రాళ్ళసీమ_రెసిస్టర్
ప్యాంటు రేటు తీసుకున్యాడు.

మైక్రోఓం
అసలు విషయంలోకి రండి. ఆయన సన్న ట్రాకులు తెగడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఎచింగ్, అంటే ఫెర్రిక్ రాగిని తినడం, ఎంతసేపు పట్టిందో చెప్పలేదు.

సూర్యాపేట_సర్క్యూట్
50 నిమిషాలు పట్టిందన్నా. పొద్దుగాల చలిలో చేసిన.

మైక్రోఓం
చూశారా. రాగి మందం 35 మైక్రాన్లే. చల్లటి ఫెర్రిక్‌లో 50 నిమిషాలు ఉంచితే అది కిందికి తింటూ పక్కకి కూడా తింటుంది. టోనర్ ఎంత బాగా అంటినా ట్రాకు అంచు కింద నుంచి కోసుకుపోతుంది. ద్రావణం 40, 45 డిగ్రీలు ఉంటే 10, 15 నిమిషాల్లో అయిపోతుంది. ప్లాస్టిక్ డబ్బాలో ఫెర్రిక్ పోసి, ఆ డబ్బాని వేడినీళ్ళ టబ్బులో పెట్టండి. స్టవ్ మీద పెట్టొద్దు. బోర్డుని రాగి పక్క కిందికి పెట్టి తేలేలా ఉంచితే కరిగిన మడ్డి కిందికి జారిపోతుంది, కొత్త ద్రావణం తగులుతూ ఉంటుంది. లేదంటే డబ్బాని ఊయలలా ఊపుతూ ఉండాలి. నిమిషానికోసారి తీసి చూడండి, ఆఖరి రాగి మచ్చ పోగానే నీళ్ళలో ముంచాలి.

పొడి కొత్తగా కలిపేటప్పుడు నీళ్ళలో పొడి వెయ్యాలి, కొంచెం కొంచెంగా. పొడి మీద నీళ్ళు పోస్తే కుతకుతమని వేడెక్కి మొహం మీద చిందుతుంది. కళ్ళద్దాలు, గ్లౌజులు తప్పనిసరి.

శ్రీకాకుళం_సిరి
అల్యూమినియం గిన్నె జోలికి అసలు వెళ్ళొద్దు, పొంగి పొగలొస్తాయి. స్టీలు కూడా వద్దు. వంటింటి సింకులో బోర్డు కడిగితే ఆ పసుపు మరక సింకుకీ పోదు, అమ్మ మనసులోంచీ పోదు.

సూర్యాపేట_సర్క్యూట్
నాలుగోసారి చేసిన. చింతపండు, సబ్బు, నీళ్ళ పరీక్ష, స్టిక్కర్ కాగితం, కదపకుండ నొక్కుడు, గోరువెచ్చ ఫెర్రిక్. 13 నిమిషాలల్ల అయిపోయింది. ట్రాకులు ఎంత సక్కగ వచ్చినయంటే మస్తు సేపు అట్లనే చూస్కుంట కూసున్న.

కానీ కొత్త లొల్లి. 8 కాళ్ళ ఎల్ఎం358 ఐసీ మంచిగ కూసున్నది. 28 కాళ్ళ ఏటీమెగా ఐసీ మాత్రం కూసుంట లేదు. ఒక కొసకు కాళ్ళు పెడితే ఇంకో కొసకు బొక్కలకు బయట పడుతున్నయ్.

మైక్రోఓం
ప్రింట్ 100 శాతం మీద తీయలేదు. "పేజీకి సరిపెట్టు" టిక్ ఉండిపోయి ఉంటుంది. కాలికీ కాలికీ దూరం 2.54 మిల్లీమీటర్లు. 28 కాళ్ళ ఐసీకి ఒక వరసలో 13 సందులు, మొత్తం 33.02. ప్రింట్ 96 శాతానికి తగ్గితే అది 31.7 అయిపోతుంది, 1.3 మిల్లీమీటర్ల తేడా. 8 కాళ్ళ దానికి 3 సందులే కాబట్టి ఆ తేడా 0.3, కాళ్ళు కాస్త వంచితే దూరిపోతుంది, అందుకే మీకు తెలియలేదు. స్కేలు పెట్టి కొలవండి.

సూర్యాపేట_సర్క్యూట్
కొలిచిన. 31.7. 😔

కోఠి_కుర్రోడు
బాధపడకు తమ్మీ. డిజైన్ల ఒక మూలకు 100 మిల్లీమీటర్ల గీత గీసి పెట్టు, ప్రింట్ తీయంగనే షాపులనే స్కేల్ పెట్టి చూడు. ఐసీని జేబుల పెట్టుకుని పో, కాగితం మీద కాళ్ళు పెట్టి చూడు. పీడీఎఫ్ తీస్కపో, ఫోటో లెక్క పంపకు.

ఇంకోటి, బోర్డు మీద ఏదన్న పేరు రాయి. కాగితం మీద అక్షరాలు తిరగబడి ఉండాలె, రాగి మీదికి దిగినంక సక్కగ చదవస్తే అద్దం తప్పు జరగనట్టే. అది చూడకుండ ఇస్త్రీ పెట్టె ముట్టకు.

టంకం_తాత
బోర్డు వచ్చేస్తోంది కాబట్టి ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను, దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఈ బోర్డు మీద రిలేతో (కరెంటుతో నడిచే చిన్న స్విచ్) ఏం కట్ చేస్తున్నావు?

సూర్యాపేట_సర్క్యూట్
స్టార్టర్ కాయిల్ తాతా, దానికి కరెంటు పోతే మోటారు ఆగుతది. సిరీస్‌ల పెడదామనుకున్న.

టంకం_తాత
అనుకున్నంతా అయింది. పొలంలో స్టార్టర్లు చాలావాటికి కాయిల్ 415 వోల్టులది, రెండు ఫేజుల మధ్య ఉంటుంది. నీ బోర్డు మీద ఆ నీలం చిన్న రిలే 250 వోల్టులకే. దాని మీద రాసి ఉంటుంది చూడు. దాంతో 415 తెగ్గొడితే కాంటాక్టులు ఒక రోజు అతుక్కుపోతాయి, సరిగ్గా నీళ్ళు లేని రోజే మోటారు ఆగదు. పైగా ఇంట్లో చేసిన బోర్డు, మాస్క్ లేదు, రెండు ట్రాకుల మధ్య కంటికి కనపడని రాగి నార ఒకటి మిగిలినా 415 దాని మీదుగా దూకుతుంది.

415 ని నీ బోర్డు దరిదాపుల్లోకి రానివ్వకు. 24 వోల్టుల డీసీ కాయిల్ ఉన్న ఆక్సిలరీ కాంటాక్టర్ (పెద్ద రిలే లాంటిది) ఒకటి విడిగా పెట్టు. బోర్డు రిలే ఆ 24 వోల్టులనే ఆన్ ఆఫ్ చేస్తుంది, స్టార్టర్ కాయిల్‌ని ఆ కాంటాక్టర్ తెగ్గొడుతుంది. మోటారు కరెంటు తెలుసుకోవడానికి సీటీ (కరెంటు కొలిచే రింగు) ఉంది కదా, ఫేజు వైరు దాని మధ్యలోంచి పోతుంది, బోర్డుకి తగలదు. బోర్డుకి విడిగా అడాప్టర్ పెట్టు. స్టార్టర్ పెట్టె తెరిచే ముందు మెయిన్ దించి, మూడు ఫేజులూ టెస్టర్‌తో చూసుకుని అప్పుడు చెయ్యి పెట్టు.

ఫేజు_పోయింది
పెద్దాయన చెప్పింది బంగారం. నేను ఫ్యాక్టరీ బోర్డు అన్నది కూడా ఈ భయంతోనే. 415 బయట ఉంటే ఇంట్లో చేసినది పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

సూర్యాపేట_సర్క్యూట్
చూసిన తాతా, మాది గూడ 415 కాయిలే. మీరు అడగకపోతే అట్లనే పెడుతుంటి. ఆక్సిలరీ కాంటాక్టర్ తెస్త.

రాళ్ళసీమ_రెసిస్టర్
స్టార్టర్ పెట్టె అంటే బల్లులు, చీమలు కాపురం ఉండే చోటు. వెచ్చగా ఉంటాది కదా. మా బోర్డు మీద బల్లి అడ్డం పడి షార్టయింది. టంకం అయినాక పాత టూత్ బ్రష్షుకు స్పిరిట్ పెట్టి మిగిలిన ఫ్లక్స్ జిగురంతా కడిగి, ఆరినాక వార్నిష్ రెండు పూతలు కొట్టు. కనెక్టర్లు, ప్రీసెట్ మీద టేపు అంటించుకోని కొట్టు, లేకుంటే అవి అతుక్కుంటాయి. వైర్లు పోయే బెజ్జాలకు గ్లాండ్లు బిగించు.

కోఠి_కుర్రోడు
డ్రిల్ గురించి గూడ చెప్తున్న. రెసిస్టర్లు, ఐసీలకు 0.8, డయోడ్లు, పిన్ హెడర్లకు 1 మిల్లీమీటర్. గ్లాస్ ఎపాక్సీ మామూలు బిట్లను 50 బొక్కలల్ల మొద్దు చేస్తది. కార్బైడ్ బిట్లు మస్తుగ వస్తయ్ గానీ చేతిల డ్రిల్ పట్టుకుంటే పుటుక్కుమంటయ్, స్టాండ్ ఉండాలె. ఆ ధూళి గాజు ధూళి, మాస్క్ పెట్టుకో.

రాళ్ళసీమ_రెసిస్టర్
వాడేసిన ఫెర్రిక్ ఏం చేసినావు తమ్ముడూ? ఇది ఎవరూ అడగలేదు.

సూర్యాపేట_సర్క్యూట్
ఇంక ఏం చేయలే, సీసాల ఉంది. బోరు పక్కన గుంట తీసి పోద్దామనుకుంటున్న.

రాళ్ళసీమ_రెసిస్టర్
వద్దు వద్దు. దాంట్లో ఇప్పుడు కరిగిన రాగి ఉండాది. మట్టిలో పడితే అది యాడికీ పోదు, నీళ్ళల్లో కలిస్తే చేపలు చస్తాయి. నువ్వు కాపాడుకుంటుండే బోరు నీళ్ళల్లోకే దించుతావా?

సీసాలో గట్టిగా మూత పెట్టి దాచు, రంగు ముదురు పచ్చగా మారేదాకా ఇంకా బోర్డులకు పని చేస్తాది. అది చచ్చినాక పెద్ద ప్లాస్టిక్ బకెట్లో పోసి బట్టల సోడా కొంచెం కొంచెంగా వెయ్. నురగ పొంగుతాది, ఒకేసారి వెయ్యొద్దు. నురగ రావడం ఆగినాక ఒక రోజు వదిలేస్తే మడ్డి అడుగుకు దిగుతాది. గుడ్డలో వడగట్టి ఆ మడ్డి ఎండబెట్టి డబ్బాలో మూత పెట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్ళకు చెప్పి ఇయ్యి. చేలో మాత్రం పారెయ్యొద్దు.

సూర్యాపేట_సర్క్యూట్
సరే అన్నా, మూత పెట్టి పైన పేరు రాసి అటక మీద పెట్టిన. పిల్లలకు అందదు.

మైక్రోఓం
కటాఫ్, అంటే మోటారు ఆగాల్సిన కరెంటు, ఎంత దగ్గర పెడుతున్నారు? ఎవరి లెక్కలో వాళ్ళు 5 హెచ్‌పీకి ఇంత అని పెట్టేస్తారు, అది తప్పు. క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టి మీ మోటారుదే కొలవండి, నీళ్ళు నిండుగా వచ్చేటప్పుడు, తగ్గిపోయి గాలి కొట్టేటప్పుడు.

నల్లగొండ_నీళ్ళు
మాకు 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు. కరెంటు రాంగనే మోటారును దానంతట అదే ఎక్కించే ఆటో స్టార్టర్లు తీసేయమన్నరు గానీ మస్తుమంది తీయలే. రాత్రంత మోటారు నడుస్తనే ఉంటది, ఎవ్వరూ చూడరు, బోరు ఎప్పుడు ఎండిందో తెలువది. ఈ సర్క్యూట్ అయినంక డ్రాయింగ్ ఇక్కడ పెట్టు తమ్మీ, మా ఊర్లె నలుగురికి కావాలె.

సూర్యాపేట_సర్క్యూట్
ఐదో బోర్డు బిగించిన, ఈ రోజు పొద్దుగాల.

100 మిల్లీమీటర్ల గీత షాపులనే కొలిచిన, సరిగ్గ 100. ఏటీమెగా ఒక్క నొక్కుకే కూసున్నది. ఎచింగ్ అయినంక ప్రతి రెండు ట్రాకుల నడుమ మల్టీమీటర్ బజర్ పెట్టి చూసిన. ఒక్క దగ్గర మోగింది, ఐసీ 9, 10 కాళ్ళ నడుమ. ఎండలో పెట్టి చూస్తే వెంట్రుక అంత రాగి. బ్లేడుతో గీకి తీసేసిన.

క్లాంప్ మీటర్ల నీళ్ళు నిండుగ ఉన్నప్పుడు 8.4 ఆంపియర్లు, నీళ్ళు తగ్గి పైపు గుడగుడలాడంగ 5.2. కటాఫ్ 6.5 దగ్గర పెట్టిన, 10 సెకన్లు వరుసగ తక్కువుంటేనే ఆగుతది. 40 నిమిషాలు నడిచినంక నీళ్ళు తగ్గినయ్, 10 సెకన్లకు టక్కుమని ఆగింది. నాయిన రెండుసార్లు మళ్ళ నడిపిచ్చి చూసిండు. మళ్ళ ఎప్పుడు దానంతట అదే ఎక్కాలె అని అడిగిండు, ఊట ఊరేదాక గంట ఆగి ఎక్కేటట్టు పెట్టిన. వార్నిష్ రేపు కొడుత. డ్రాయింగ్ సాపు చేసి ఆదివారం పెడుత.

టంకం_తాత
ఆ వెంట్రుకని పట్టుకున్నావు చూడు, అదీ పని.

నల్లగొండ_నీళ్ళు
ఆదివారం చూస్త. నాకు రెండు దిక్కులా రాగి ఉన్న బోర్డు ఉంది ఇంట్ల, అది వాడచ్చునా? పైదీ కిందదీ ఎట్ల కలపాలె?

శ్రీకాకుళం_సిరి
వాడొచ్చు. రెండు ప్రింట్లనీ వెలుతురుకి అడ్డం పెట్టి, మూలల్లో ఉన్న బెజ్జం గుర్తులు ఒకదాని మీద ఒకటి పడేలా సర్ది, మూడు పక్కలా అంటించి కవరులా చెయ్యండి. కడిగిన బోర్డుని దాంట్లోకి దూర్చి రెండు పక్కలా నొక్కండి. ఈ సర్క్యూట్‌కి మాత్రం ఒక్క పక్క చాలు, రెండో పక్క రాగి మొత్తం ఫెర్రిక్‌లో పోనివ్వండి.